బొగ్గుగుట్టకు పెట్టిన దండం

మల్కాపురం అవతల బొగ్గు యార్డులోకి రోజూ పొద్దున్నే అందరికంటే ముందు అడుగుపెట్టేవాడు గురునాథరావు. చెప్పులు విప్పి, గుట్ట మొదట్లో వేళ్లు ఆనించి కళ్లకద్దుకునేవాడు. ఆ తరువాత చేతికర్రను బొగ్గులోకి గుచ్చి, ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ వదులుగా ఉందో చూసుకుంటూ చుట్టూ తిరిగేవాడు. కర్ర సంగతి ఆయనకు సైన్యం నేర్పింది. కాశ్మీరులో కాళ్లకు స్కీలు కట్టుకుని మంచుకొండల మీద గస్తీ తిరిగిన మనిషి. అక్కడ ఏ వాలు నిలుస్తుందో, ఏది జారుతుందో ఇలాగే గుచ్చి చూసేవారు.

కూలీలు మాత్రం కర్రను పట్టించుకోలేదు. వాళ్లకు దండమే గురి. మిలట్రీ బావు దండం పెట్టాడంటే గుట్ట తల్లి సరేనన్నట్టే అనుకుని, బొగ్గు తడవకుండా కప్పే బరకాలు భుజాన వేసుకుని ఎక్కేసేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. వాళ్ల నమ్మకం తీయగా తోచి, కాదనలేదు.

శ్రావణంలో ఒకనాడు రాత్రంతా కుండపోత. తెల్లారినా మబ్బు విడవలేదు. బరకాలు కప్పాలని మేస్త్రీ తొందరపెడుతున్నాడు. గురునాథరావు దండం పెట్టాడు. కర్ర గుచ్చేలోగా మేస్త్రీ పిలిస్తే అటు వెళ్లాడు. తిరిగి చూసేసరికి కూలీ అబ్బులు సగం గుట్ట ఎక్కేశాడు, వెనకే ఆడకూలీ నూకాలు. దిగమందామని నోటిదాకా వచ్చింది. రోజూ నిలిచిన గుట్టే కదా, వాన వచ్చేస్తోంది కదా అని ఊరుకున్నాడు. అంతలో పై బొగ్గంతా ఒక్కసారిగా కదిలింది. నూకాలు పక్కకు దూకి తప్పించుకుంది.

నడుం దాకా కూరుకుపోయిన అబ్బులును అందరూ చేతులతోనే తవ్వి లాగారు. కాలు విరిగింది గానీ, దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. టీకొట్టు నజీర్ పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి నీళ్లబిందెతో పరుగెత్తుకొచ్చాడు. నూకాలు చీరచెంగు తడిపి అబ్బులు కళ్లలోని నలుసులు తీసింది.

ఆస్పత్రి వరండాలో గురునాథరావుకు కుదురు లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, మబ్బుకేసి చూస్తాడు. రేపు కూలీలంతా మళ్లీ అదే గుట్ట ఎక్కాలి. అబ్బులుకు గంజి తెచ్చిన నూకాలు, ఆయనకూ ఓ గ్లాసు పోసి అందించి, మెల్లగా చెప్పింది.

"ఎక్కుతుంటే పైన పగులు సూసాను బావూ. ఏలు దూరేంత."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వు దండం ఎట్టేసావు గదా. నీకు తెల్దా, నానేటి సెప్తాననుకున్నాను."

ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. కాశ్మీరు గస్తీలో ఒకనాడు మంచులో సన్నటి గీత ఆయనకూ కనిపించింది. ముందు నడుస్తున్న దళం పెద్ద నాయక్ అనుభవజ్ఞుడు, అతనికి తెలియదా అని తను నోరు మూసుకున్నాడు. మంచు విరుచుకుపడింది. నాయక్ శవం మర్నాటికి గానీ దొరకలేదు. అదంతా నూకాలుకు చెప్పుకొచ్చాడు.

"ఓ సాయం సెయ్యమ్మా. రేపట్నించి నీకు ఏ కాస్త అనుమానం తగిలినా, నాను దండం ఎట్టినా సరే, అందరి ముందరా వద్దను."

"నువ్వు కసిరితే?"

"కసిరితే ఇంకా గట్టిగా అను తల్లీ."