అమ్మ అనని మాట

మా మిషన్ హైస్కూలు దొరకు వాళ్ళ దేశం నుంచి చిన్న సినిమా కెమెరా వచ్చింది. పైతరగతిలో ఉన్న మమ్మల్ని అయిదుగురినీ కలిసి మూడు నిమిషాల బొమ్మ తీసుకోమన్నాడు. కథ నేనే రాశాను. పల్లెలో ఒక తల్లి పొద్దున్నే జొన్నరొట్టె చేసి కొడుకును బడికి పంపుతుంది, అంతే. తల్లి వేషానికి మా అమ్మనే ఒప్పించాను. తీసింది మా ఇంటి ముందరే.

ఉన్నది ఒకటే రీలు. తప్పు జరిగితే మళ్ళీ తీసే దారి లేదు. కీ ఇచ్చి వదిలితే కెమెరా అర నిమిషం ఆడి ఆగిపోయేది. ఇంట్లో పొయ్యి దగ్గర వెలుతురు చాలదు, బయట పెడితే గాలికి మంట నిలవదు. ఆ తంటాలన్నీ సంతోషంగానే పడ్డాం. అమ్మ కోయిలకుంట్ల సంతలో కొన్న నీలం కోక కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. అది ఆదివారం చర్చికి తప్ప కట్టని కోక.

దొర ఆమెను చూసి పెదవి విరిచాడు. ఇంత మంచి చీర చూస్తే తమ దేశంలో ఎవరూ బడికి చందా ఇవ్వరన్నాడు. చినిగింది కట్టమన్నాడు. రొట్టె తీసేసి, బడివాళ్ళు జొన్నలు దానం చేస్తున్నట్టు తీయమన్నాడు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మా అమ్మ ఎవరి ముందూ చేట చాపిన మనిషి కాదు. ఆ మాట ఆమెకు తెలుగులో చెప్పే పని నాకే పడింది. సిగ్గులేకుండా చెప్పాను. ఆమె నా మొహం చూసి, లోపలికి పోయి కలుపు తీసేటప్పుడు కట్టే కోక కట్టుకుని వచ్చింది.

అమ్మ పట్టిన చేటలో దొర జొన్నలు పోస్తుంటే కెమెరా తిరుగుతోంది. అప్పుడు ఆమె అంది, నిదానంగా, అతని మొహం మీదే.

"మా ఇంట్లో జొన్నలు ఉండాయి దొరా. ఇవి నాకొద్దు."

ఆ కెమెరాకు మాట పట్టే యంత్రం లేదు. తెలుగు అంతంతమాత్రం వచ్చిన దొర నవ్వి తల ఊపాడు.

చివర్లో నల్లబల్ల మీద ఒక మాట రాసి తీయాలి. నా చేతిరాత బాగుంటుందని నాచేతే ఇంగ్లీషులో రాయించాడు: 'ఆకలి తీర్చిన దాతలకు ఈ తల్లి దండాలు పెడుతోంది.' గుండ్రంగా, వంకర లేకుండా రాశాను. దొర మీద కోపం సరే, సుద్దముక్క పట్టింది మాత్రం నా చెయ్యే.

రీలు బొంబాయికి పోయి, కడిగించుకుని రెండు నెలలకు వచ్చింది. తరగతి కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడకు తెల్లదుప్పటి వేసి ఆడించారు. మా వాకిలి, మా దుమ్ము ఆ దుప్పటి మీద కదులుతుంటే ఒళ్ళు జలదరించింది, కాదనను. పక్కన కూర్చున్న అమ్మ తన పెదవులు కదలడం చూసి మురిసిపోయింది. అంతలో నల్లబల్ల వచ్చింది. ఆమెకు ఏ అక్షరాలూ రావు.

"ఆడ ఏమి రాసినారు నాయనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. రాసింది ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.



"నేనట్ల అన్లేదే," అంది అమ్మ. "నువ్వు ఆడనే ఉంటివి కదరా. ఆ రాసినోనికి నువ్వన్నా చెప్పకపోతివా?"