అయింది బాబాయి

మా బాబాయి ఏ పనీ నోరు మూసుకుని చేయలేడు. చేసే ప్రతిదీ పైకి చెప్పి చేస్తాడు, ముగియగానే "అయింది" అంటాడు. "చెప్పులు వేసుకుంటున్నా. ఎడమది అయింది. కుడిది అయింది." రెండేళ్ల కిందట ఉన్నట్టుండి పట్టుకుందీ అలవాటు. చాదస్తమని సరిపెట్టుకున్నాం. వీధంతా ఆయన్ని అయింది బాబాయి అనే పిలుస్తుంది.

ఆయనది బట్టలు కుట్టే దుకాణం. ఓసారి బ్యాంకు మేనేజరు ప్యాంటుకు కొలతలిస్తుంటే, నడుముకు టేపు చుట్టి, "నలభై నాలుగు. పాపం బాధపడతాడు, నలభై రెండని చెబుదాం. అయింది" అన్నాడు. మేనేజరు ఆరు నెలలు ఆ గడప తొక్కలేదు. మా అక్క పెళ్లి ఫొటోలోనూ అంతే. "నవ్వుతున్నా, అయింది" అని ముఖం ముడిచేసుకున్నాకే ఫొటోగ్రాఫరు నొక్కాడు. పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన కూతురు పిచ్చుకకు మాత్రం "అయింది" అనే మాటే తెలిసేది కాదు. ఒక కాలికి మేజోడు వేసుకుని, రెండోది వెతకబోయి, దారిలో దొరికిన పెన్సిలు చెక్కుతూ కూర్చునేది. లెక్కలన్నీ వచ్చు, పరీక్షలో మాత్రం సగం కాగితం ఖాళీ. పిల్లకు ధ్యాస నిలవదని డాక్టరు తేల్చాడు. ఈసారీ పేపరు పూర్తి చేయకపోతే పై తరగతికి పంపేది లేదని బడివాళ్లు తేల్చారు.

ఆ లెక్కల పరీక్ష రోజు నేను దుకాణానికి వెళ్తే, మిషను చప్పుడు తప్ప మాట లేదు. బాబాయి కాలరు కుడుతున్నాడు, పెదవి కదపడం లేదు. నాకు భయమేసింది.

"ఒంట్లో బాగాలేదా బాబాయ్?"

"బానే ఉందిరా. అది బడికెళ్లిందిగా, ఇంకెవరి కోసం వాగడం?"

అసలు ఆయనకు మాట్లాడటమంటేనే బద్ధకమట. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పైకి చెప్పుకుంటూ చేయమని డాక్టరు పిచ్చుకకు చెప్పాడట. అందరూ నవ్వుతారని అది మొండికేసిందట.

"దానొక్కదానికే ఉంటే జబ్బంటారు. ఇద్దరికీ ఉంటే ఇంటి అలవాటంటారు" అన్నాడు దారం తెంపుతూ.

మేనేజరు వచ్చిన రోజు పిచ్చుక ఆ పక్కనే గుండీలు ఏరుతోందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్షణాన బాబాయి మీద కలిగినంత గౌరవం నాకు మరెవరి మీదా కలగలేదు.

మధ్యాహ్నం పిచ్చుక వచ్చింది. "చెప్పులు విప్పుతున్నా. ఎడమది అయింది. కుడిది అయింది." సంచీ పెట్టి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, పేపరంతా రాశా. గొణగొద్దన్నారు, అందుకని లోపల్లోపలే చెప్పుకున్నా. ఆఖరి లెక్క కూడా అయింది."

బాబాయి మిషను ఆపి, చేతిలో ఉన్న చొక్కా అంచుతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

"ఏం చేస్తున్నావో చెప్పలేదు" అంది పిచ్చుక.

"కళ్లు తుడుచుకుంటున్నా."

"ఎడమది అయిందా?"

"అయింది. కుడిది ఇంకా అవలేదు, ఆగు."