కళ్లంలో చదివిన కథ

నా కథల పుస్తకం అచ్చయి వచ్చినప్పటి నుంచీ ఫోను మోగితే చాలు, గుండె దడ. పుస్తకం నిండా తిక్క మనుషులే. టీవీలో సీరియల్ మొదలైతేగాని పాలివ్వని గేదె, విందు భోజనంలో పెరుగు దాకా వచ్చి మళ్లీ పప్పు నుంచి మొదలుపెట్టే పెద్దమనిషి, ఇలాంటివి. నవ్వించడానికే రాశాను. నవ్వారో లేదో ఎదుటివాళ్లు చెప్పాలి కదా, వాళ్లు చెప్పేలోపు నా ప్రాణం పోతోంది.

అభిప్రాయాలు రావడమైతే వచ్చాయి. పుస్తకం ఇంకా కవరులోంచి తియ్యని బంధువు ఒకాయన ‘కడుపుబ్బ నవ్వాం’ అని వాట్సాప్‌లో పెట్టాడు. రిటైరైన మాస్టారు ఒకరు ఫోన్ చేసి, “బాగానే ఉందమ్మా, కానీ ఇందులో సందేశం ఏమిటి?” అని అడిగారు. గుంటూరులో మా పక్కింటావిడకి గేదె కథ ఎంత నచ్చిందంటే, “అది ఏ ఊళ్లో ఉందండీ? మా తమ్ముడు కొంటానంటున్నాడు” అంది. లేదని చెప్తే నా మీద కోపం తెచ్చుకుంది. ఇవన్నీ ఎలాగోలా మింగేశాను.

నన్ను కూల్చేసింది మార్టూరు అవతల నుంచి ఒక రైతు చేసిన ఫోను. ఆయన గొంతులో కోపం కూడా లేదు. “మేడమ్, ఆ మబ్బు కథ చదివానండి. కళ్లంలో కాయ ఉండగా మబ్బు పడితే మా ఇళ్లల్లో అన్నం సయించదండి. మీకు నవ్వెట్టా వచ్చిందండి?” అన్నాడు. ఏదో నసిగి పెట్టేశాను. ఆ పూట నాకూ అన్నం సయించలేదు.

ఎందుకంటే ఆ కథ మా మేనత్తది. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. పర్చూరు దగ్గర వాళ్ల పొలంలో ఏటా మిరపకాయలు కోసి, కళ్లంలో ఎర్రగా పరిచి ఎండబెడతారు. ఆ రోజుల్లో ఆకాశంలో ఏ మూల మబ్బు తునక కనిపించినా అత్త కొంగు బిగించి, పేరు పెట్టి పిలిచినట్టు తిట్టేది. చుట్టుపక్కల పొలాల వాళ్లు పని ఆపి వినేవాళ్లు. నేను ఆ తిట్లు తీసుకుని కథ కట్టాను. నా కథలో మబ్బులు అలిగి ఆ ఊరికి రావడం మానేస్తాయి. చివరికి ఊరి పెద్దలు ఆవిడ్ని గట్టు మీద నిలబెట్టి, చీర, పసుపు కుంకుమ పెట్టించి మబ్బుకు క్షమాపణ చెప్పిస్తారు. ఆ ముగింపు చూసుకుని నేనే మురిసిపోయాను.

పుస్తకం పంపి నెల దాటింది. అత్త నుంచి మాట లేదు. ఉండబట్టలేక ఆవిడ కోడలికి ఫోన్ చేశాను.

“కళ్లంలో నా చేత చదివిస్తోంది వదినా, రోజూ ఆ ఒక్క కథే” అంది.

“ఏమంటోంది?”

“ఏమీ అనట్లేదు. అయిపోగానే మళ్లీ మొదట్నించి చదవమంటోంది.”

పుట్టింటి వైపు నాకు మిగిలింది ఆ ఒక్క గడప. మర్నాడే బస్సెక్కాను. అత్త నాతో మాట్లాడకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు, మాట్లాడితే ఏం చెప్పాలో అంతకంటే తెలియలేదు.

కళ్లంలో ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలు కాయలు ఏరేస్తున్నారు. కోడలు పుస్తకం పట్టుకుని చదువుతోంది. అందరి కళ్లల్లోనూ నీళ్లే. అది నవ్వో, ఘాటో, ఏడుపో పోల్చుకోవడం నా వల్ల కాలేదు. అత్త నన్ను చూసి, పక్కన చోటు చూపించింది. కూర్చున్నాను.

“తిట్లు బాగానే రాశావే” అంది కాయలు ఏరుతూనే. “గేదె కూడా బాగుంది. కానీ నేను మబ్బుకి క్షమాపణ చెప్పడమేంటి?”

“కథ కదత్తా, సరదాకి...”

“ఆ ఏడు వాన కళ్లం మొత్తం ముంచేసింది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. తడిసిన కాయ మీద కూలబడిన మీ మామయ్య మళ్లీ మామూలు మనిషయ్యాడా? ఎవర్ని తిట్టమంటావు? దాన్నే తిట్టా. దానికి నేను దణ్ణం పెట్టాలా?”

పంట తడిసిందని మాత్రమే నాకు తెలుసు. మామయ్య నీరసించి, చివరికి చనిపోయాడని తెలుసు. ఆ రెండూ ఎప్పుడూ కలిపి చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే గాలి చల్లబడింది. ఎవరో “మబ్బే!” అని కేకేశారు. పడమటి వైపు నల్లగా కమ్ముకొస్తోంది. ఏరడం ఆపి అందరూ పరుగెత్తారు, టార్పాలిన్ పట్టాలు లాగడం మొదలుపెట్టారు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. గాలికి అది చేతుల్లోంచి జారిపోతోంది. కళ్లం సగం ఇంకా తెరిచే ఉంది. ఏడాది కష్టం మొత్తం మా కాళ్ల ముందు ఎర్రగా పరుచుకుని ఉంది.

అత్త తిట్టలేదు. అంచుల మీద రాళ్లు పెడుతూ నా వైపు చూసింది.

“చూస్తావేం? తిట్టు.”

“నేనా అత్తా?”

“నువ్వే. పుస్తకంలో రాశావుగా.”

పుస్తకంలో ఆ తిట్లన్నీ ఒక్క పేజీలో గిలికేశాను. ఇక్కడ మొదటి తిట్టు కోసమే వెతుక్కోవాల్సి వచ్చింది. పట్టా కొస బిగించి పట్టుకుని తలెత్తి అరిచాను.

“ఒరేయ్ మబ్బూ, నీ జిమ్మడిపోనూ! మా కళ్లమే దొరికిందా నీకు? పోయి వాడరేవులో సముద్రం మీద కురిసి చావు!”

ఒక్కరూ నవ్వలేదు. అత్త ఇంకో రాయి తెచ్చి నా కాళ్ల దగ్గర అంచు మీద పెట్టింది.

“ఇంకా గట్టిగా” అంది.