శంషాబాద్ దారిలో వేడెక్కిన కారు, నా మొదటి విమానం

అక్షరదోషాలుంటే మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే, నా రాత కోడి గెలికినట్టుంటుంది. కాగితం మీద రాసిస్తే మా ఆడబిడ్డ స్వప్న టైపు చేస్తోంది. పెళ్లయిన రెండేళ్లకు మా ఆయన తిరుపతికి విమానం టికెట్లు తీశాడు. మా ఇద్దరికీ అదే మొదటిసారి. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

విమానం పదకొండుంబావుకు. సామాన్లు తీసుకునే కౌంటరు గంట ముందే మూసేస్తారట. బుద్వేల్ నుంచి ఎయిర్‌పోర్టుకు ముప్పావుగంట దారే అయినా ఏడున్నరకే బయలుదేరాం. కారు మా బావది, అంటే మా ఆయన వాళ్ల అన్నయ్యది. పాతదే, కొని వారమైంది. వాళ్లిద్దరూ ముందు కూర్చున్నారు. వెనక సీటు మధ్యలో కూర్చున్న నాకు వేడి చూపించే ముల్లు కనిపిస్తూనే ఉంది. ఆరాంఘర్ ట్రాఫిక్‌లో చాలాసేపు ఆగి ఆగి కదిలాం, అది పైకి పోయింది. రోడ్డు ఖాళీ అయి బండి ఉరకగానే దిగింది. శంషాబాద్ బజారులో మళ్లీ ఆగాం. ఈసారి ఎర్రగీత దాటింది, బానెట్ లోంచి పొగ వచ్చింది. ఎనిమిదిన్నర.

ఎదురుగానే మెకానిక్ షెడ్డు. బావ రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే మెకానిక్ పట్టుకున్నాడు. "జర ఆగన్నా, మొహం కాలుతది." ఇరవై నిమిషాలు చల్లారనిచ్చాడు.

"నీళ్ల పంపు పోయినట్టుంది. ఇయ్యాల అయితదా?" అన్నాడు బావ.

"కింద నీళ్లు కారలే. వేడి ఎప్పుడెక్కింది?"

"తొవ్వంతా ఎక్కింది."

దారంతా కాదు. మా ఆయన చెవిలో చెప్పాను. "నాకెందుకు, మెకానిక్‌కే చెప్పు" అన్నాడు. బావ ముందు నేనెప్పుడూ గొంతెత్తలేదు. తల వంచుకునే చెప్పాను. "నిలబడ్డప్పుడే ఎక్కిందన్నా. బండి ఉరికితే దిగింది."

"గట్ల చెప్పక్కా! ఉరికితే గాలి తగులుతది. నిలబడితే ఫ్యాన్ తిరగాలె. పంపు కాదు, ఫ్యాన్."

లైటు వేసి చూసి, లోపలి నుంచి ఎర్రగుడ్డ ఒకటి లాగాడు. "ఏందన్నా, ఫ్యాన్‌కు చీర కట్టిండ్రా?"

ఆ గుడ్డను చూడగానే గుర్తుపట్టాను. కొత్తగా కొన్న బండని అత్తమ్మ ఇచ్చిన ముడుపు అది. ఎవరి కంటా పడకుండా కట్టమంటే బానెట్ కింద కట్టాను. అది ఊడి ఫ్యాన్ రెక్కల్లో చుట్టుకుంది.

"నేనే కట్టిన బావా."

బావ నన్నే చూశాడు. "దిష్టి తగలొద్దని కట్టినవా? దిష్టి నయముండె గదమ్మా." ముందు నవ్వింది ఆయనే.

ఫ్యాన్ ఆగిపోయి ఫ్యూజు కాలిందట. కొత్తది వేయగానే రెక్కలు రివ్వుమన్నాయి. తొమ్మిదిన్నరకు కౌంటరు ముందున్నాం. విమానం లేచినప్పుడు మా ఆయన కళ్లు మూసుకున్నాడు, నేను మూయలేదు.

కారు రోగాలు చదువుకున్నవాళ్లకే తెలుస్తాయనుకునేదాన్ని. ఆ రోజు నేను చెప్పింది కంటితో చూసిన మాటే. మీ కారు వేడెక్కితే అది నిలబడ్డప్పుడా, ఉరికినప్పుడా అన్నది గుర్తుపెట్టుకుని మెకానిక్‌కు చెప్పండి. సగం పని అక్కడే అయిపోతుంది.

ముడుపు ఏమైందో అత్తమ్మకు ఇంకా చెప్పలేదు. ఆమె ఫోను ముట్టదు, కాగితమైతే ఒక్క ముక్క కూడా చదవకుండా వదలదు. స్వప్నా, టైపు చేయగానే ఈ కాగితాన్ని పొయ్యిలో వేసెయ్యి.