అత్త చీర కోసం నడిచిన వీధి

శ్రావణ శుక్రవారం, పొద్దున ఆరు గంటలు. నాకు ఆరేళ్లు. ధర్మవరంలో మా వీధి పొడవునా నాయన పట్టు పడుగు, అంటే చీరకు నిలువు దారాలు, చాపుతున్నాడు. పెళ్లికూతురు కాబోతున్న మా అత్త చీరకు అది. ఒక కొస నాయన దగ్గర, దారాల ఉండ నా చేతిలో. నేను నడిచేకొద్దీ పడుగు విచ్చుకుంటుంది.

"నువ్వెంత దూరం నడిస్తే చీర అంత పొడుగవుతాదే," అంది అవ్వ, నవ్వకుండా.

అత్త మా వీధిలో అందరికంటే పొడుగు. చీర చాలదేమోనని నాకు భయం. ఉండ అయిపోయినా ఆగకుండా కొస పట్టి లాగాను.

"యాడికి పోతాండావే? దారాలు తెగుతాయి!" అని నాయన అరిచాడు.

"అత్తకు చాలొద్దా నాయనా?"

అత్త పరుగున వచ్చి నన్ను ఎత్తుకుంది. "చాల్లేమ్మా. ఇంకా లాగితే పెండ్లికొడుక్కు పంచె గూడా వస్తాది."

వీధంతా నవ్వింది.

ఇన్నేళ్లకు, నిన్న డాక్టరు నన్ను రోజూ నడవమన్నాడు. నాకు నడక రాదా? ఇప్పుడు అదే వీధి నిండా బైకులుంటే యాడ నడవాలి? అప్పుడు నడవమని ఎవరూ చెప్పలేదు, ఖాళీ వీధే నడిపించింది. ఈ పొద్దున అరిచి బైకులు తీయించి, నవ్వుకుంటూ ఆ కొసదాకా పోయివచ్చాను.

ఆ రోజు రాయడం రాదు, ఇప్పుడు రాస్తున్నాను. అక్కడున్నవాళ్లు: నాయన నాగప్ప, అవ్వ లక్ష్మమ్మ, అత్త ఈరమ్మ, పాలు పోయడానికొచ్చి నవ్విన రసూల్ మామ, నేను.