ఈశాన్యం మూలలో ఈకరెక్కల పురుగు

సోమవారం మా శారదక్కకు కుడికంటి ఆపరేషన్. ఆమె నాకు తోడబుట్టిన అక్క. జమ్మలమడుగు దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ మందమే, ఆమెను నడిపించింది కుడికన్నే. ఈ ఏడాది ఆ కంటి వెనక పొరలో సరిగ్గా నడిమధ్య చిన్న రంధ్రం పడింది. సూటిగా ఏది చూసినా దాని మీద బూడిదరంగు మచ్చ కూర్చుంటుంది. రంధ్రం మూసుకోవచ్చు గానీ చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారు డాక్టరు. ఆపరేషన్ కోసం చందానగర్‌లోని మా ఫ్లాటుకు వచ్చింది కదా, ముందురోజు ఎక్కడికైనా తీసుకెళ్దామని అడిగాను. ఏ గుడి పేరో చెబుతుందనుకున్నాను. "ఈకరెక్కల పురుగు ప్యూపాలోంచి బయటికొచ్చేది చూడాల. ఇన్నేండ్లు బోర్డు మీద బొమ్మలు గీసినా గానీ ఒక్కసారన్నా కండ్లారా చూడలేదురా. రేపటి సంగతి ఎవరికి తెలుసు?" అంది. అలా మొదలైంది ఈ ప్రయాణం.

చూడాలనుకునేవాళ్ల కోసం ముందు ఆ పురుగు సంగతి చెబుతాను. కంది చేలల్లో రైతులు తిట్టుకునే ఈకరెక్కల పురుగు ఒకటుంది. నేను చెప్పేది దానికి దాయాది. ఖాళీ జాగాల్లో నేలకు పాకే గలిజేరు మొక్క మీద బతుకుతుంది. దోమ కంటే కాస్త పెద్దది, ఎండుగడ్డి రంగు. ముందు రెక్క రెండు పాయలుగా, వెనక రెక్క మూడు పాయలుగా చీలి, ప్రతి పాయకూ అంచున సన్నని నూగు ఉంటుంది. వాలినప్పుడు ఆ పాయలన్నీ చుట్టేసి రెక్కల్ని అడ్డంగా చాపుతుంది. అప్పుడది పురుగులా ఉండదు, ఏదో పుల్లముక్క అనుకుని తుడిచేస్తాం. నేనూ మా బాత్రూం గోడ మీద ఎన్నిసార్లు తుడిచానో. నిరుడు కొత్తగూడలో ఒక ఖాళీ ప్లాటులో ఫోటో తీశాక గానీ అది పురుగని తెలియలేదు.

చందానగర్ నుంచి హైటెక్ సిటీ స్టేషన్ వరకు లోకల్ రైల్లో వెళ్లాం, టిక్కెట్టు టీ ఖర్చు కంటే తక్కువ. ఆదివారాలు రైళ్లు పలచగా ఉంటాయి, పొద్దున్నే వెళ్లడం మంచిది. స్టేషన్ బయట ఆటో అతను కొత్తగూడకు నూట ఇరవై అన్నాడు, వందకు దిగాడు. ఫ్లైఓవర్ దాటాక ఆ ఖాళీ ప్లాటు దగ్గర ఆపమంటే అద్దంలోంచి చూశాడు.

"ప్లాటు కొంటున్నరా సార్?"

"లేదన్నా, అక్కడొక పురుగుంది, చూద్దామని."

"పురుగును జూడనీకి గింత దూరమా? మా ఇంట్ల మస్తున్నయి, కిరాయి గూడ లేకుండ జూపిస్త."

అక్క నవ్వింది. ఊరి నుంచి వచ్చాక ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు.

నేను నిరుడు గుర్తుపెట్టుకున్నది ప్లాటులో ఈశాన్యం మూలను. మూడు వైపులా గాజు భవనాలు, మధ్యలో ఈ ఒక్క జాగా. చుట్టూ కట్టిన నీలం రేకుల సందులోంచి లోపలికి వెళ్లి చూస్తే ఆ మూల అంతా చెక్కేసి ఉంది. ఎర్రమట్టి, ముగ్గు, మామిడాకుల కట్ట. మిగతా ప్లాటంతా పిచ్చితుమ్మ అలాగే ఉంది. తప్పు నాదే. వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలని మనవాళ్లు మట్టిని అటే వాలుగా తోలిస్తారు. నీళ్లు అక్కడే నిలుస్తాయి, గలిజేరు అక్కడే ఏపుగా పెరుగుతుంది, మొదటి గడ్డపార కూడా అక్కడే పడుతుంది. తెలుగువాణ్నై ఉండి ఈ మాత్రం తట్టలేదు నాకు.

వాచ్‌మన్ వచ్చాడు. నల్గొండ వైపు మనిషి, పేరు యాదయ్య. "నిన్న సాయంత్రమే చెక్కిపిచ్చిన్రు సార్. ఇయ్యాల భూమిపూజ. పదింటికి ఓనర్ సారొస్తడు. చెక్కిన చెత్త గా కుప్పల ఉంది, ట్రాక్టరొస్తే అదీ పోతది" అన్నాడు. అక్క పరిస్థితి చెప్పాను. ఆయన అక్క వైపు చూసి, "జర జల్ది జూస్కోండ్రి. సార్ జూస్తే నాకు పరేషాన్" అని సిమెంటు ఇటుక ఒకటి తెచ్చి నీడలో వేశాడు.

కుప్పలో గలిజేరు తీగలు అప్పటికే వాడాయి. అక్క వేళ్లతో తడుముతూ, నేను కళ్లతో వెతుకుతూ ఒక్కో కాడా విడదీశాం. ఈ పురుగు మొగ్గల మీద, లేతాకుల మీద గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చే ఆకుపచ్చ నూగు గొంగళి పూలూ ఆకులూ తిని పెరుగుతుంది. తర్వాత గూడంటూ ఏమీ అల్లుకోకుండా, తోక కొనతో కాడకు అతుక్కుని ప్యూపా అవుతుంది. వారం అటూ ఇటూగా అలాగే ఉంటుంది. మాకు ముందు దొరికినవన్నీ గొంగళులే.

"వీటినేం చేస్తావు?" అంది అక్క.

"మనకు కావాల్సింది ప్యూపా కదక్కా. టైం లేదు."

"అది తినేపని లేదు, ఎక్కడున్నా బతుకుతాది. ఇవి ఎండిన ఆకు తినవు, చచ్చిపోతాయి."

రేకుల బయట రోడ్డంచున ఇంకా పచ్చటి గలిజేరు ఉంది. తన కోసం వచ్చిన పొద్దులో సగం ఆమె గొంగళులను అక్కడికి చేర్చడానికే ఖర్చుపెట్టింది. నాకు లోపల చిరాకే. ఆమె చూపు కోసం నేను తొందరపడుతుంటే ఆమెకే పట్టనట్టుంది.

చివరికి ఒక కాడ మీద ముదురు గోధుమరంగుకు తిరిగిన ప్యూపా కనిపించింది. లోపల రెక్కల గీతలు తెలుస్తున్నాయి, అంటే బయటికి రావడానికి ఇక ఘడియో రెండు ఘడియలో. కాడను నీళ్ల సీసా మూతిలో నిలబెట్టి ఇటుక ముందు ఉంచాను. కాసేపటికి తలవైపు పొర చిట్లింది. పొడుగు కాళ్లు ముందు, తర్వాత ఒళ్లు. రెక్కలు తడిసి ముడుచుకున్న మొగ్గల్లా ఉన్నాయి.

"ఎక్కడరా?"

"నీ ఎదురుగానే అక్కా. కాడ పైన."

ఆమె ముందుకు వంగి కళ్లు చిట్లించింది. "మచ్చే ఉండాది" అంది మెల్లగా. అప్పుడు ఆమె మొహం పక్కకు తిప్పి అటువైపున్న గాజు భవనం వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది.

"ఆ... ఉండాది. కదుల్తాండాది. రెక్క సాగుతాండాది గదా?"

"అవునక్కా."

"ఇప్పుడు పాయలు విడిపోతాండాయి."

నిజంగానే విడిపోతున్నాయి. సూటిగా పురుగును చూడకుండా, కంటి అంచుతో ఆమె పురుగును చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. కొంతసేపటికి రెక్కలు చుట్టుకుని అది స్థిరంగా నిలిచిపోయింది. "పోయినాదా?" అంది. ఉంది, కదలడం ఆపిందన్నాను. "అయితే నాకు లేనట్టే. ఈ అంచుకు కదిలేదే తెలుస్తాది" అంది.

ఇప్పుడన్నా ఫోటో తీద్దామని ఫోన్ పైకెత్తి తెర మీద వెలుతురు సరిచేస్తున్నాను. "ఎగిరిపోయినాది. రోడ్డు దిక్కుకు" అంది అక్క. తలెత్తి చూస్తే కాడ మీద ఖాళీ పొర మాత్రమే ఉంది. రెండు కళ్లూ బాగున్న నేను అది ఎగరడం చూడలేదు. బయట ఓనర్ కారు ఆగుతుంటే యాదయ్య మమ్మల్ని రేకుల సందులోంచి పంపించాడు.

ఆపరేషన్ అయింది. రంధ్రం మూసుకోవడానికి డాక్టరు చెప్పినట్టు అక్క ముందుగదిలో రోజంతా బోర్లా పడుకుని ఉంటోంది. చూపు సంగతి ఇంకా తెలియదు. ఇన్నాళ్లూ ఆమెకు పోయిన చూపు గురించే బెంగపడ్డాను, మిగిలిన చూపుతో ఆమె ఏం చూస్తోందో ఒక్కరోజూ అడగలేదు. మీరు వెళ్తే వానలు తగ్గాక, పొద్దున్నే, గలిజేరు ఉన్న ఏ ఖాళీ జాగాకైనా వెళ్లండి. చూపు సరిగా లేనివాళ్లను వెంట తీసుకెళ్తే మాత్రం కనిపిస్తోందా అని అడగకండి. ఎటు చూస్తే కనిపిస్తోందో అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి.