తెలంగాణ వచ్చినాక

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది. పేరుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ. లిఫ్టు పనిచేసిన రోజు పండగే.

మా దగ్గర ఇద్దరికి ఒకే కంప్యూటరు. లేక కాదు, పద్ధతే అది. ఒకరు కోడ్ రాస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని తప్పులు పట్టాలి. కాసేపటికి కీబోర్డు చేతులు మారాలి. నాకు జతగా ఒకమ్మాయిని వేశారు. వాళ్లది గుంటూరు వైపు, వనస్థలిపురంలో స్థిరపడ్డారు. మేము నల్లగొండ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం.

నేను తొందరపడి ఏదో అతుకు వేసి, పైన ‘తర్వాత సరిచేయాలి’ అని రాసి పెట్టేవాణ్ణి. ఆమె కీబోర్డు లాక్కునేది.

“తర్వాతంటే ఎప్పుడండీ బాబూ? ఆ రోజు రాదు. ఇప్పుడే చేసేద్దాం.”

“జర ఆగు తల్లీ, చాయ్ తాగొచ్చి చేస్తా.”

“చేశాకే చాయ్.”

కోడ్‌లో ఏ ముక్కదైనా పేరు చూడగానే అదేం చేస్తుందో తెలియాలి, ఒక ముక్క ఒకే పని చేయాలి. ఆమెకు ఇదంతా మడి ఆచారంతో సమానం. నాకు ఒళ్లు మండేది. అలాంటిది ఒకసారి ఆమె సెలవు పెడితే నాకు ఒక్క లైను కూడా రాయబుద్ధి కాలేదు. నా సంగతి నాకు అప్పుడు తెలిసింది.

రోజూ పొద్దున్నే అందరం నిలబడి మూడు సంగతులు చెప్పుకోవాలి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డమేముంది. ఆమె మనసూ అదేనని తేలాక, రోజూ అదయ్యాక మేమిద్దరం మెట్ల మీద మళ్లీ నిలబడేవాళ్లం. ఆమె అడిగేది.

“నిన్న ఇంట్లో మన సంగతి చెప్పావా?”

“చెప్పలే.”

“ఇవాళ?”

“చెప్తా.”

“అడ్డమేంటి?”

“బుగులైతున్నది.”

నా భయం చూసి పడీ పడీ నవ్వేది.

ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. నేను జెండా పట్టినవాణ్ణే. ఆమెకు తెలుసు, ఏనాడూ తప్పు పట్టలేదు.

ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు బస్సుల్లేవు. ఆమె ఆఫీసుకు నడిచి వస్తోంది. నడిరోడ్డు మీదే పొయ్యిలు, విస్తర్లు. మా అమ్మ వడ్డిస్తోంది. నేను చూసేసరికే ఆమె బంతిలో కూర్చుని ఉంది.

“ఇంకో జరంత పెట్టించుకో బిడ్డా. ఎండల నడిచొచ్చినవు.”

“చాలండీ. పప్పు చాలా బాగుంది.”

ఆ యాస విని పక్కవాళ్లు తలెత్తి చూశారు. అమ్మ ఏమీ ఎరగనట్టు ఇంకో గరిటె వేసింది.

ఆ సాయంత్రమే అమ్మకు ఆ అమ్మాయి సంగతి చెప్పేశాను. బియ్యం ఏరుతూ విని అంది.

“పిల్ల మంచిగున్నది. గని ఇప్పుడడిగితే మీ నాయిన ఇనడు, ఆళ్ల నాయినా ఇనడు. తెలంగాణ రానీ బిడ్డా. ఒచ్చినాక నేనే పోయి అడుగుత.”

వాళ్ల నాన్న కూడా అదే అన్నారట, ఈ గొడవ ఏదో ఒకటి తేలాక తర్వాత చూద్దామని. మెట్ల మీద ఆ మాట చెబుతూ ఆమె తలెత్తలేదు. ‘తర్వాతంటే ఎప్పుడండీ’ అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

బందులతో విసిగి క్లయింటు పనంతా బెంగళూరుకు మార్పించాడు. ఆమెను అక్కడికి పంపారు, నన్ను ఇక్కడే ఉంచారు. వెళ్లేముందు మా కోడంతా వెతికి, నేను తర్వాతకు వదిలేసినవన్నీ సరిచేసి, ఆ రాతలు చెరిపేసింది. కోడ్ అద్దంలా ఉంది. ‘తర్వాత’ అన్న మాట కోసం వెతికాను, ఒక్కటీ మిగల్లేదు.

కొంతకాలానికి ఆమే ఫోన్ చేసి పెళ్లి కుదిరిందని చెప్పింది. “నాన్న ఆరోగ్యం బాలేదు. ఎన్నాళ్లని ఆపను?” అంది. మంచిదన్నాను. ఆ మెట్ల మీదే కూర్చుని, చీరలకు వచ్చినవాళ్లు చూస్తున్నా సిగ్గులేకుండా ఏడ్చాను. ఇంట్లో చెప్పలేదు. అమ్మా అడగలేదు. మాటిచ్చింది కదా, సమయం కోసం చూస్తోంది.

తెలంగాణ వచ్చింది. గల్లీ అంతా పటాకులు. నాకూ సంతోషమే, అబద్ధమెందుకు. అమ్మ లడ్డూల డబ్బా పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“మీ నాయినను ఒప్పిచ్చిన. రేపే పోదాం బిడ్డా ఆళ్లింటికి. ఇగ అడ్డమేమున్నది?”

“అమ్మా, ఆమె...” అనబోయాను. సంతోషం పట్టలేక తడబడుతున్నాననుకుంది కాబోలు, నా నోట్లో లడ్డూ పెట్టి, ఇంకొకటి తీసి కాగితంలో చుట్టింది.

“గిది ఆ పిల్లకు,” అంది.